పుస్తకం తెరవకముందు అయిదు నిమిషాలు

సంపాదకులకు నమస్కారాలు.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల పిల్లలకు ఇంగ్లీషు ఒంటబట్టడం లేదని ఆవేదనపడుతూ తల్లిదండ్రులు రాసే లేఖలు మీ పత్రికలో తరచుగా చదువుతున్నాను. టీచర్ల కొరత గురించి, బోధనా మాధ్యమం గురించి, ప్రైవేటు బడుల ఫీజుల గురించి వారు రాసిన మాటల్లో నిజం ఉంది. నేను రాయదలచుకున్నది మాత్రం ఆ పెద్ద విషయాల మధ్య ఎవరి కంటా పడని ఒక చిన్న చోటు గురించి. పీరియడు గంట మోగిన తరువాత, పుస్తకం తెరవకముందు గడిచే అయిదారు నిమిషాల గురించి. గజపతి జిల్లా పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 27 ఏళ్ళపాటు చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఆ పూట పిల్లవాడు నోరు తెరుస్తాడా, బిగించుకుని కూర్చుంటాడా అన్నది ఆ కొద్ది నిమిషాల్లోనే తేలిపోవడం నేను వేలసార్లు చూశాను.

మన బడుల్లో ఇంగ్లీషు పాఠం సాధారణంగా ఎలా మొదలవుతుందో అందరికీ తెలిసినదే. టీచరు లోపలికి వస్తారు, పిల్లలు లేచి నిలబడి ఒకే రాగంలో గుడ్ మార్నింగ్ చెబుతారు, కూర్చోమనగానే పేజీ నంబరు వినబడుతుంది, ఆ వెంటనే నిన్నటి స్పెల్లింగులు అడగడం మొదలవుతుంది. నా చిన్నతనంలో నేను కూర్చున్న మొదటి ఇంగ్లీషు క్లాసు కూడా అలాగే మొదలైంది. 'నైఫ్' అనే మాటకు స్పెల్లింగు చెప్పమన్నారు. చెవికి వినబడినట్టే 'ఎన్' అక్షరంతో మొదలుపెట్టాను. అరచేతి మీద స్కేలు దెబ్బ పడింది. దెబ్బ ఆ సాయంత్రానికే తగ్గిపోయింది గాని, నోరు తెరిస్తే తప్పు బయటపడుతుందన్న భయం మాత్రం ఆ ఏడాదంతా నన్ను మూడో వరుసలో, ముందున్న అమ్మాయి జడ వెనకాల దాచి ఉంచింది. టీచరునయ్యాక నేను పెట్టుకున్న మొదటి నియమం అక్కడినుంచి పుట్టిందే: పిల్లకు రానిదాన్ని అడిగి ఇంగ్లీషు పీరియడు మొదలుపెట్టకూడదు, వచ్చినదాన్ని అడిగే మొదలుపెట్టాలి.

మా పిల్లలకు వచ్చినది తక్కువేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా, కొండ ఊళ్ళనుంచి దిగివచ్చే పిల్లల నోట సవర, టీవీలో హిందీ వింటూ పెరిగే పిల్లలు వీళ్ళు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళితే తెలుగు బోర్డులు, ఇటు తిరిగివస్తే ఒడియా బోర్డులు కనబడతాయి. రెండు వైపులా కనబడేవి ఇంగ్లీషు అక్షరాలే. ఏడెనిమిదేళ్ళ పిల్ల, అమ్మమ్మతో ఒక భాషలో, కూరగాయల బండివాడితో మరో భాషలో, తడుముకోకుండా మాట్లాడుతుంది. అదే పిల్ల సంక్రాంతికి టెక్కలి నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన మేనత్త పిల్లలు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగానే చిన్నబోయి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మూడు భాషలు మోస్తున్న పిల్లను ఏమీ రానిదానిలా నిలబెట్టేది మనం పాఠం మొదలుపెట్టే తీరేనని నా నమ్మకం.

అన్నిటికన్నా సులువైన మార్పు హాజరుతో మొదలుపెట్టవచ్చు. హాజరు ఎలాగూ తీసుకోక తప్పదు. నలభైమంది ఒకరి తరువాత ఒకరు 'ప్రెజెంట్ టీచర్' అనడానికి పట్టే సమయంలోనే, ప్రతి పిల్లా తనకు తోచిన ఒక ఇంగ్లీషు మాట చెప్పి హాజరు వేయించుకునే పద్ధతి పెట్టాను. సోమవారం పండు, మంగళవారం రంగు, బుధవారం ఇంట్లో ఉండే వస్తువు. ముందువాళ్ళు చెప్పిన మాట మళ్ళీ చెప్పకూడదన్నది ఒక్కటే షరతు కాబట్టి, తన పేరు వచ్చేదాకా ప్రతివాళ్ళూ మిగిలినవాళ్ళ మాటలు చెవులు రిక్కించి వినవలసిందే. మొదట్లో నిన్న రాత్రి ఏం తిన్నారో చెప్పమనేదాన్ని. ఒకసారి ఒక ఒడియా అబ్బాయి 'పఖాళ' అన్నాడు, పక్కనున్న తెలుగమ్మాయి మా ఇంట్లో దాన్ని చద్దన్నం అంటారంది. ఇంగ్లీషులో ఏమనాలని తర్జనభర్జన జరిగి, చివరికి పిల్లలే 'నైట్ రైస్' అని పేరు పెట్టారు. దాన్ని కొట్టివేయకుండా బోర్డు మీద రాసి, పక్కనే 'రైస్ సోక్డ్ ఇన్ వాటర్' అని చేర్చాను. 'సోక్' అన్న మాట ఆ తరగతిలో ఎవరూ మరిచిపోలేదు. అయితే ఒకనాడు ఒక పిల్ల తన వంతు వచ్చినప్పుడు తల దించుకుని ఏమీ చెప్పలేదు. ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదని తరువాత తెలిసింది. ఆనాటినుంచి ఆ ప్రశ్న మానేసి, బడికి వచ్చే దారిలో ఏం చూశారని అడగడం మొదలుపెట్టాను. దారి అందరికీ ఉంటుంది. మేక, ఆటో, నది, బస్సు, పోలీసు, పెళ్ళి ఊరేగింపు, ఒక్కొక్కటీ ఇంగ్లీషు మాటగా నలభై నోళ్ళనుంచి వచ్చేది. టీచర్లు ఎలాంటి ప్రశ్న వేస్తున్నారో ముందు తమ తరగతిలోని అతిపేద పిల్ల కంటితో ఒకసారి చూసుకోవాలని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

కొత్త తరగతితో తొలిరోజున నేను చేసే పని మరొకటి ఉంది. బోర్డును రెండుగా విభజించి, ఇంట్లో అమ్మానాన్నా వాడే ఇంగ్లీషు మాటలన్నీ చెప్పమనేదాన్ని. బస్సు, టికెట్టు, లైటు, స్విచ్చి, ప్లేటు, గ్లాసు, సైకిలు, రేషను, పెన్షను, మోటారు, స్టవ్వు అంటూ పదిహేను నిమిషాలు చెప్పినా ఆగేవారు కాదు. ఎడమవైపు వాళ్ళు అన్నట్టే రాసి, కుడివైపు అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, చివరనున్న ఉకారం ఎక్కడ రాలిపోయిందో పిల్లలే కనిపెట్టేవారు. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఒడియాలోనూ 'ఘరొ', 'భాతొ' అని చివర అచ్చు పలుకుతారు, ఇంగ్లీషు మాట ఎక్కువగా హల్లు మీదే ఆగిపోతుంది. ఉచ్చారణ గురించి గంటసేపు ఉపన్యసించినా ఎక్కని ఈ విషయం 'బస్సు' పక్కన 'బస్' కనబడగానే ఎక్కేది.

ఆ తరువాత ఇచ్చిపుచ్చుకోవడంలో రెండో వైపు చూపించేదాన్ని. మన పొలాల గట్లు తవ్వే పందికొక్కు ఇంగ్లీషువాళ్ళ నోట 'బ్యాండికూట్' అయింది, అది తెలుగునుంచి వాళ్ళు తీసుకున్న మాట, ఆ పేరునే తరువాత ఆస్ట్రేలియాలోని మరో జంతువుకు కూడా పెట్టుకున్నారని చెబితే, పిల్లల ముఖాలు వెలిగిపోయేవి. అప్పుడు ఒడియా పిల్లలు తమ మాట ఏదీ లేదా అని అడగకుండా ఉండరు. వాళ్ళకోసం పూరీ జగన్నాథుని పేరు దాచి ఉంచేదాన్ని. రథయాత్రలో కదలివచ్చే ఆ మహారథాన్ని చూసిన విదేశీయుల ద్వారా 'జగర్నాట్' అన్న మాట ఇంగ్లీషులోకి వెళ్ళి, ఎదురులేకుండా దూసుకువచ్చే శక్తికి పేరైంది. ఆ మాటకు వాళ్ళు తగిలించిన తొక్కుకుంటూ పోయేదన్న అర్థం మన భక్తికి తగినది కాదని, రథం తాడు పట్టుకున్నవాళ్ళకే దాని అసలు భావం తెలుస్తుందని పై తరగతుల పిల్లలకు విడమరచి చెప్పేదాన్ని. గంజాం తీరాన గోపాలపురం వైపు మన జాలరి కుటుంబాల పిల్లలకు పాఠం చెప్పే టీచర్లు 'కాటమరాన్' అన్న మాటతో మొదలుపెట్టవచ్చు. కట్టుమరం అనే తమిళ మాట అది. దుంగలు కట్టిన తెప్ప మీద తాతలు వేటకు వెళ్ళిన ఇంటి పిల్లకు ఆ మాట వేరే ఎవరో వివరించనక్కరలేదు, ఆ రోజు ఆ పిల్లే టీచరు.

వస్తువుల సంచి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దానికి రూపాయి ఖర్చు లేదు. ఒక గుడ్డసంచిలో తాళంచెవి, జీడిపిక్క, బొంగరం, మా ఊరి కొమ్ము పనివాళ్ళు చేసిన దువ్వెన, ఒక రాయి వేసుకుని వెళ్ళేదాన్ని. ఒక పిల్ల ముందుకు వచ్చి, చూడకుండా చెయ్యి పెట్టి, తగిలిన వస్తువు గురించి పేరు చెప్పకుండా ఒక్క ముక్క చెప్పాలి. 'ఇట్ ఈజ్ స్మాల్', 'ఇట్ ఈజ్ కోల్డ్', 'ఇట్ ఈజ్ హార్డ్'. మిగిలినవాళ్ళు 'ఈజ్ ఇట్ ఎ కీ?' అని అడగాలి. ఇంగ్లీషులో ప్రశ్న వేసేటప్పుడు మాటల వరుస ఎలా తిరగబడుతుందో నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు, ఎందుకంటే అక్కడ పిల్లవాడికి నిజంగా తెలుసుకోవాలన్న కోరిక ఉంటుంది. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు కొమ్ము దువ్వెనను తడిమి, ఏమనాలో తెలియక, కాసేపాగి 'ఇట్ హ్యాజ్ టీత్' అన్నాడు. తరగతి గొల్లున నవ్వింది. వాడు తెలుగులో దువ్వెన పళ్ళు అంటారు కదా అని ఊహించి అన్న మాట అది, ఇంగ్లీషులోనూ సరిగ్గా అదే మాట. నేను ఆ మాట బోర్డు మీద రాసి, ఇంగ్లీషువాళ్ళూ ఇలాగే అంటారని చెప్పినప్పుడు వాడి మొహంలో కనబడిన కళ నాకు ఇప్పటికీ గుర్తుంది. మాతృభాష ఇంగ్లీషుకు అడ్డమని చెప్పేవారికి నేను ఆ దువ్వెన సంగతే చెబుతుంటాను. ప్రతిసారీ అలా కలవదు, నిజమే. కానీ కలిసినచోట ఆ సంతోషాన్ని పిల్లలకు దక్కనివ్వాలి.

శబ్దాల పాఠం చెప్పవలసిన రోజున నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకోమనేదాన్ని. మన ధోరణిలో 'పెన్ను' అంటే కాగితం కదలదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు 'పెన్' అన్నట్టు గాలి వదులుతూ పలికితే కాగితం ఎగిరిపడుతుంది. ఇక్కడ ఒడియా పిల్లలు ముందుంటారు, వాళ్ళ భాషలో అక్షరాన్ని ఒత్తి పలకడం, ఒత్తకుండా పలకడం రోజూ ఉండే తేడాయే గనుక. మరునాడు 'వ' శబ్దం దగ్గర తెలుగు పిల్లల వంతు, అక్కడ ఒడియా పిల్లల నోట 'బ' వంటిది వస్తుంది. ఒకరికొకరు నేర్పుకునే అవకాశం ఇంత సహజంగా ఉన్న తరగతులు సరిహద్దు ఊళ్ళలో తప్ప మరెక్కడ దొరుకుతాయి? మన పిల్లలు దొరల్లా మాట్లాడాలని నా కోరిక కాదు. రేడియోలోనో క్రికెట్ వ్యాఖ్యానంలోనో వినబడే మాటను పోల్చుకోగలిగే చెవి వాళ్ళకు ఉండాలన్నదే నా ఆశ.

బొత్తిగా మాట్లాడని పిల్లల సంగతి వేరు. కొండ ఊళ్ళనుంచి వచ్చి హాస్టల్లో చేరిన పిల్లలకు ఒడియాయే కొత్త, దాని మీద ఇంగ్లీషు వచ్చిపడుతుంది. వాళ్ళను నోరు విప్పమని బలవంతపెట్టకూడదు. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇక్కడ బాగా పనికివస్తుంది. టీచరు ఆజ్ఞ ఇస్తారు, పిల్లలు చేసి చూపిస్తారు, మాట్లాడనక్కరలేదు. 'స్టాండ్ అప్', 'టచ్ ద డోర్', 'పుట్ ద చాక్ అండర్ ద టేబుల్'. పసిబిడ్డ కూడా మాట్లాడటానికి ఎన్నో నెలల ముందునుంచే అమ్మ మాట విని అర్థం చేసుకుంటుంది కదా. రెండు నెలలపాటు ఒక్క మాటా అనకుండా అన్ని ఆజ్ఞలనూ తప్పులేకుండా చేసిన ఒక సవర పిల్ల, ఒకరోజు తానే ముందుకు వచ్చి, నన్ను చూసి 'గురుమా, సిట్ డౌన్' అంది. నేను కూర్చున్నాను. మరునాడు మా తరగతిలో ఆజ్ఞలిచ్చే పని ఆ పిల్లదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ ఆటలన్నీ పాఠానికి గుమ్మం వంటివి. గుమ్మం దగ్గరే గంటసేపు నిలబెడితే పిల్లలు ఇంట్లోకి ఎప్పుడు వస్తారు? 40 నిమిషాల పీరియడులో ఆట ఏడు నిమిషాలు దాటకూడదు, ఆ రోజు చెప్పబోయే పాఠానికి సంబంధం లేని ఆట అసలు పెట్టకూడదు. తొలి సంవత్సరాల్లో నేను ఈ రెండు పొరపాట్లూ చేశాను. పిల్లలు నవ్వుతున్నారు కదా అని సాగదీశాను, పరీక్షల ముందు పాఠాలు మిగిలిపోయి ఆదరాబాదరా ముగించవలసివచ్చింది. ఈ విషయంలో నా కళ్ళు తెరిపించినది ఇంగ్లీషు బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభుగారి పని. ఆయన ఆధ్వర్యంలో 1979నుంచి 1984వరకు దక్షిణ భారతంలోని కొన్ని మామూలు పాఠశాలల్లో, వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించడం పక్కనపెట్టి, రైళ్ళ సమయ పట్టికలు, పటాలు వంటివి పిల్లల ముందు పెట్టి, ఇంగ్లీషులో ఆలోచించి తేల్చవలసిన పనులు అప్పగించారు. ప్రతి పాఠంలోనూ ముందుగా అదే తరహా పనిని టీచరు తరగతి అందరితో ప్రశ్నలూ జవాబులుగా చేయించేవారు, ఆ తరువాతే పిల్లలు తమంతట తాము చేసేవారు. ఆ తొలి భాగంలోనే కావలసిన మాటలన్నీ పిల్లల చెవిన పడిపోయేవి. పాఠానికి మంచి ఆరంభమంటే ఇదీ.

నేను దాన్ని మా ఊరి రైలుకు అన్వయించుకున్నాను. 1900లో పర్లాకిమిడి రాజావారి చలవతో నౌపడానుంచి వచ్చిన చిన్న రైలు మార్గం, 1931లో గుణుపురందాకా సాగిన మార్గం, మా అందరి ఇళ్ళలోనూ కథలుగా ఉంది. ఇప్పుడది పెద్ద లైను. స్టేషనులో రాసి ఉన్న వేళలు కాగితం మీద ఎత్తుకువచ్చి, 'వెన్ డజ్ ద ట్రెయిన్ లీవ్?', 'హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్?' అని అడిగితే, లెక్కలంటే పరుగెత్తే పిల్లలూ ఇంగ్లీషంటే వణికే పిల్లలూ ఒకే బెంచీ మీద తలలు కలిపి కూర్చునేవారు. పాఠ్యపుస్తకంలో ఆ రోజు పాఠం ప్రయాణం గురించి అయితే, పుస్తకం తెరిచేసరికే వాళ్ళు సగం దారి వచ్చేసి ఉండేవారు.

మా ఊరికి ఈ ఆలోచన కొత్త కాదని గుర్తుచేయడం నా బాధ్యత. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తిగారు, సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలని నిశ్చయించుకుని, ఏళ్ళ తరబడి శ్రమపడి నేర్చుకున్నారు. సవర వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో అచ్చువేసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, దండలు వేస్తున్నాం. పిల్ల నోట ఉన్న మాటనుంచి పాఠం మొదలుపెట్టమన్న ఆయన పట్టుదలను మాత్రం ఇంగ్లీషు పీరియడులోకి తీసుకురాలేదు. అది నాకు బాధగా ఉంది.

కనుక సంపాదకులను ఒకటి కోరుతున్నాను. మీ పత్రిక సరిహద్దు జిల్లాల పేజీలో వారానికి ఒకసారి, అరచేతి వెడల్పు స్థలం, ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టే పద్ధతుల కోసం కేటాయించండి. పాతపట్నం, ఇచ్ఛాపురంలోని టీచర్లూ, పర్లాకిమిడి, గుణుపురం, బరంపురంలోని టీచర్లూ తమ తరగతుల్లో చేసి చూసినవి తెలుగులో రాసి పంపుతారు. ఏ తరగతికి చేశారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఏ పాఠానికి దారితీసింది, ఏ పిల్లలకు పనికిరాలేదు అన్న నాలుగు విషయాలు తప్పనిసరిగా రాయమనండి. చివరిది మరీ ముఖ్యం. ఖరీదైన పరికరాలు కావలసినవి వేయకండి, మా బడుల్లో చాలాచోట్ల నల్లబల్ల, సుద్దముక్కే ఉన్నాయి. మొదటి నాలుగు వారాలకు కావలసినవి నేను రాసి సిద్ధంగా ఉంచాను. హాజరు, ఇంటి మాటలు, సంచి, కాగితం ముక్క అన్న వరుసలో పంపగలను. అయిదో వారానికి పాతపట్నంనుంచి ఎవరైనా టీచరు రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.